బస్సు నిండినా పద్దులో నష్టం ఎందుకు కనిపిస్తుంది: ఆర్టీసీ రాబడి, ఖర్చుల లెక్క

మీరు అడిగిన ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి. నిలబడడానికి కూడా చోటు లేకుండా బస్సులు నడుస్తుంటే ఆర్టీసీకి నష్టం ఎలా వస్తుందన్నది మొదటిది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమంటే ఆ సొమ్ము ఎవరి జేబులోంచి వస్తుందన్నది రెండోది. అదే రోడ్డు మీద ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లు లాభం చూస్తుంటే ఆర్టీసీ ఎందుకు చూడలేకపోతోందన్నది మూడోది. ఇవన్నీ అడిగి చివర్లో, మీ ఊరికి వచ్చే సాయంత్రం ట్రిప్పును తీసేశారని, దానికేం చేయాలని ఒక్క వాక్యంలో అడిగారు. అసలు ప్రశ్న అదేనని నా అనుమానం. కొన్నేళ్లు ట్రాఫిక్ విభాగంలోను, ఆ తర్వాత పద్దుల విభాగంలోను పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, తెలిసినంతవరకు వివరంగానే రాస్తాను.

ముందు సంస్థ స్వరూపం తెలియాలి. నిజాం రైల్వేలో ఒక శాఖగా 1932లో 27 బస్సులతో మొదలైన వ్యవస్థ, రాష్ట్రాల పునర్విభజన తర్వాత 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయింది. దానికి ఆధారం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. ఆ చట్టంలో రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదివితే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని 22వ సెక్షన్ చెబుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాధారణ ఆదేశాలను సంస్థ పాటించాలని 34వ సెక్షన్ చెబుతుంది. దీనికి తోడు, ప్రయాణికుల ఛార్జీలు ఎంత ఉండాలో ఆదేశించే అధికారాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 67వ సెక్షన్ ప్రభుత్వానికే ఇచ్చింది. అంటే వ్యాపారం చేయాల్సింది సంస్థ, సరుకు ధర చెప్పేది ప్రభుత్వం, ఏ గిరాకీని కాదనకూడదో నిర్ణయించేది కూడా ప్రభుత్వమే. 1950 నాటి చట్టంలోనే 30వ సెక్షన్ ఒకటుంది. సంవత్సరాంతంలో లాభం వస్తే, సౌకర్యాలకు, సిబ్బంది సంక్షేమానికి, విస్తరణకు పోగా మిగిలినది రోడ్ల అభివృద్ధి కోసం రాష్ట్రానికి ఇవ్వాలని అది అంటుంది. నా ఉద్యోగ కాలంలో ఆ సెక్షన్‌తో పనిపడిన సందర్భం నాకైతే గుర్తు లేదు.

ఇక కిక్కిరిసిన బస్సు సంగతి. మనం బస్సును చూసేది పట్నం దగ్గరి చివరి స్టేజీలో, పొద్దున ఎనిమిదిన్నరకు. డిపో లెక్క మాత్రం బస్సు కదిలిన ప్రతి కిలోమీటరుకూ పడుతుంది. ఉదాహరణకు యాభై సీట్ల పల్లెవెలుగు బస్సు నలభై కిలోమీటర్ల దూరంలోని ఊరి నుంచి బయలుదేరిందనుకుందాం. మొదట పదిహేను మంది ఎక్కుతారు, దారిలోని ఊళ్లలో మరికొందరు ఎక్కుతారు, పట్నం చేరేసరికి అరవై మంది అవుతారు. దారి పొడుగునా సగటు తీస్తే ముప్పయ్యయిదు మంది ఉంటారు. అదే బస్సు తొమ్మిదిన్నరకు వెనక్కి వెళ్లేటప్పుడు సగటున పది మంది కూడా కష్టమే. రానూపోనూ ఎనభై కిలోమీటర్లలో ఆ బస్సు అందించినవి నాలుగు వేల సీటు కిలోమీటర్లు (సీట్ల సంఖ్యను తిరిగిన దూరంతో గుణిస్తే వచ్చేది), జనం వాడుకున్నవి పద్దెనిమిది వందలు. ఆక్యుపెన్సీ రేషియో, అంటే డిపోలో అందరూ ‘ఓఆర్’ అనేది, నలభై అయిదు శాతం. మీరు ఫుట్‌బోర్డు మీద వేలాడిన బస్సే సాయంత్రం డిపో మేనేజరు ముందు నలభై అయిదు శాతంగా కనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఓఆర్ పక్కనే ఇంకో అంకె ఉంటుంది, ‘ఈపీకే’ అని, కిలోమీటరుకు వచ్చిన రాబడి. దాన్ని ‘సీపీకే’తో, అంటే కిలోమీటరుకు అయిన ఖర్చుతో పోల్చి చూస్తారు. పత్రికలలో ‘కిలోమీటరుకు ఇంత నష్టం’ అని వచ్చేది ఈ రెండింటి తేడాయే. అయితే సీపీకేలో జీతాలు, వడ్డీలు, ప్రధాన కార్యాలయం ఖర్చు అన్నీ కలిసి ఉంటాయి. ఒక ట్రిప్పును రద్దు చేసినంత మాత్రాన అందులో డీజిలు, టైర్లు, విడిభాగాల ఖర్చు మాత్రమే తప్పుతుంది. డ్రైవరు జీతం ఎలాగూ ఇవ్వాల్సిందే. కాబట్టి డీజిలు ఖర్చు పోను నాలుగు రూపాయలు మిగిల్చే ట్రిప్పును, సీపీకే అందుకోవడం లేదని రద్దు చేస్తే సంస్థ నష్టం తగ్గదు, పెరుగుతుంది. ఈ చిన్న సంగతి తెలియకనో, తెలిసినా పైనుంచి వచ్చే ఒత్తిడి వల్లనో, నష్టాల జాబితాలో అడుగున ఉన్న ట్రిప్పులను తీసేసి పొదుపు చేశామని నివేదిక పంపడం నేను చాలాసార్లు చూశాను. నేనూ ఒకటి రెండు సార్లు అలాంటి నివేదిక రాశాను.

ఖర్చు వైపు పెద్ద పద్దులు రెండే: సిబ్బంది, డీజిలు. జీతాల గురించి తర్వాత చెబుతాను. డీజిలు సంగతిలో చాలామందికి తెలియని విషయాలున్నాయి. బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లకు కాస్త పైన ఇస్తుంది. తెలంగాణలో డీజిలు మీద వ్యాట్ 27 శాతం. లీటరు 95 రూపాయలుంటే అందులో దాదాపు 20 రూపాయలు రాష్ట్ర ఖజానాకే పోతుంది. అంటే బస్సు కదిలిన ప్రతి కిలోమీటరుకు సుమారు నాలుగు రూపాయలు సంస్థ రాష్ట్రానికి కడుతుంది. దీనికి మోటారు వాహనాల పన్ను అదనం. అదే రాష్ట్రం బడ్జెట్‌లో ఆర్టీసీకి ఇంత సాయం చేశామని ప్రకటిస్తుంది. ఏ చేత్తో ఎంత ఇచ్చి ఏ చేత్తో ఎంత తీసుకున్నారన్నది కలిపి చూపే పట్టిక బడ్జెట్ పుస్తకాలలో నాకు ఎక్కడా దొరకలేదు. ఏసీ లేని మామూలు బస్సు ప్రయాణానికి జీఎస్టీ లేదు, అది మంచిదే. కానీ అదే కారణం వల్ల విడిభాగాల మీద, టైర్ల మీద కట్టిన జీఎస్టీని వెనక్కి తీసుకునే దారి కూడా లేదు.

2013 జనవరిలో కేంద్రం టోకు కొనుగోలుదారుల డీజిలు మీద రాయితీ తీసేసినప్పుడు లీటరుకు పది రూపాయలకు పైగా ఒక్కసారిగా భారం పడింది. దాంతో సొంత డిపోలో బంకులున్నా, బస్సులు బయటి పెట్రోలు బంకుల ముందు వరుస కట్టాల్సి వచ్చింది. 2022లో ధరలు మళ్లీ తలకిందులైనప్పుడూ అదే దృశ్యం. రోజుకు లక్షల లీటర్లు కొనేవాడికి, స్కూటర్‌లో రెండు లీటర్లు పోయించుకునేవాడికంటే ఎక్కువ ధర పడడమన్నది ఏ వ్యాపార సూత్రానికి అందుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రమాద బీమా విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మన కారుకు, లారీకి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. రవాణా సంస్థలు తామే ఒక నిధిని ఏర్పాటు చేసుకుంటే బీమా నుంచి మినహాయింపు ఇవ్వడానికి చట్టంలో వీలుంది. అందువల్ల ప్రమాదంలో ట్రిబ్యునల్ ఆదేశించిన పరిహారాన్ని సంస్థే తన రాబడిలోంచి చెల్లిస్తుంది. చేతిలో నగదు ఆడనప్పుడు ఆ చెల్లింపు ఆలస్యమవుతుంది, అప్పుడు కోర్టు అమీనా వచ్చి బస్టాండులో ఉన్న బస్సును జప్తు చేస్తాడు. అలాంటి వార్తలు మీరు చదివే ఉంటారు. అది నష్టాల వల్ల వచ్చిన పరిస్థితి కాదు, నగదు సమయానికి అందకపోవడం వల్ల వచ్చినది. ఈ తేడాను కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

ప్రైవేటు పోలికకు వస్తాను. ఒకప్పుడు కోస్తా జిల్లాల్లో బస్సులన్నీ ప్రైవేటువే. వాటిని ప్రభుత్వం స్కీముల ద్వారా జాతీయం చేసినప్పుడు కృష్ణా జిల్లా యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అని న్యాయ విద్యార్థులందరూ చదివే తీర్పు అదే. అభ్యంతరాలను విన్నది కార్యదర్శి, ఆమోదించింది ముఖ్యమంత్రి కావడం వల్ల, ఒకరు విని మరొకరు తేల్చడం విచారణ కాదని 1958లో కోర్టు ఆ స్కీమును కొట్టివేసింది. ప్రభుత్వం లోపం సరిదిద్దుకుని మళ్లీ ముందుకు వెళ్లింది. బస్సుల చరిత్రలోంచి దేశానికి ఒక పరిపాలనా సూత్రం దొరకడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఏమైనా, ఆ జాతీయకరణ వల్ల ఆర్టీసీకి చాలా రూట్లలో స్టేజీ స్టేజీకి ఆగి ప్రయాణికులను ఎక్కించుకునే హక్కు దక్కింది, దానితోపాటు బాధ్యతా వచ్చింది. హైదరాబాదు నుంచి విజయవాడకో బెంగళూరుకో రాత్రి పూట వెళ్లే ట్రావెల్స్ బస్సు, కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్ (దారిలో స్టేజీల దగ్గర ఆగి ఎక్కించుకోకుండా, ముందే కుదిరిన ప్రయాణికులను చేర్చే అనుమతి) మీద, గిరాకీ ఉన్న రూటును, గిరాకీ ఉన్న వేళను ఎంచుకుని, పండగ ముందురోజు టికెట్‌ను తనకు తోచిన ధరకు అమ్ముకుంటుంది. ఆ బస్సు మీ ఊరికి రాదు. దానితో పోల్చదలిస్తే ఆర్టీసీ గరుడ, రాజధాని సర్వీసులతోనే పోల్చాలి; అక్కడ ఈపీకే అంత హీనంగా ఏమీ ఉండదు. ఆ దూరపు బస్సుల్లో మిగిలిన డబ్బే పల్లెవెలుగును కొంతవరకు మోసింది. ట్రావెల్స్ పెరిగిన కొద్దీ ఆ మోసే భుజం బక్కచిక్కింది. పండగ స్పెషల్ బస్సులకు యాభై శాతం అదనంగా వసూలు చేస్తున్నారని తిట్టేవారు, ఆ బస్సు సంక్రాంతికి అటు నిండుగా వెళ్లి ఇటు ఖాళీగా వస్తుందన్న సంగతిని కూడా తలచుకోవాలి.

ఇప్పుడు ఉచిత ప్రయాణం. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. రెండింటిలోనూ కండక్టరు ‘జీరో టికెట్’ కొడతాడు. ప్రయాణికురాలికి అది సున్నా, టికెట్ కొట్టే టిమ్స్ యంత్రంలో మాత్రం అసలు ఛార్జీ నమోదవుతుంది. నెలాఖరుకు ఆ మొత్తాన్ని కలిపి సంస్థ ప్రభుత్వానికి బిల్లు పెడుతుంది. కనుక కండక్టరు ‘ఉచితమే కదా, టికెట్ ఎందుకమ్మా’ అని వదిలేస్తే పోయేది ఆర్టీసీ సొమ్మే. తెలంగాణలో 2025 జూలై నాటికి 200 కోట్ల జీరో టికెట్లు పూర్తయ్యాయి, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. భాగించి చూడండి, సగటున టికెట్‌కు 33 రూపాయలు. అంటే విమర్శకులు చెప్పినట్టు ఊరూరా తీర్థయాత్రలు తిరిగినవాళ్లకంటే పనికి, కాలేజీకి, ఆసుపత్రికి, సంతకు పోయినవాళ్లే చాలా ఎక్కువని ఆ ఒక్క అంకె చెబుతుంది.

పద్దుల మనిషిగా నాకు ఈ పథకం కొత్తగా కనిపించలేదు. విద్యార్థి పాసులు, దివ్యాంగుల రాయితీ, జర్నలిస్టుల పాసులు అన్నీ ఇదే వరసలో ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్రభుత్వం మాట ఇస్తుంది, సంస్థ సేవ చేస్తుంది, సొమ్ము తర్వాత వస్తుంది. చిక్కంతా ఆ ‘తర్వాత’ అన్న మాటలో ఉంది. డీజిలుకు వెంటనే కట్టాలి, జీతాలు ఒకటో తేదీకి ఇవ్వాలి. బిల్లు మొత్తం పద్దులో రాబడిగానే కనిపిస్తుంది, చేతికి మాత్రం విడతలుగా వస్తుంది. ఆ మధ్య కాలాన్ని పూడ్చడానికి సంస్థ ప్రభుత్వ గ్యారంటీ మీద బ్యాంకుల దగ్గర అప్పు చేస్తుంది, సరఫరాదార్ల చెల్లింపులు ఆపుతుంది. ఒక్కోసారి సిబ్బంది భవిష్యనిధి, సహకార పరపతి సంఘం కోసం జీతాల్లో కోసిన సొమ్మును కూడా జమ చేయకుండా వాడుకుంటుంది. తెలంగాణలో ఆ పరపతి సంఘం బకాయిల వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. వడ్డీ ఖర్చు మాత్రం ‘ఆర్టీసీ నష్టం’ కిందే రాస్తారు. ఆలస్యం ఒకరిది, పద్దు ఇంకొకరిది. నన్నడిగితే ఉచిత ప్రయాణం మంచిదా చెడ్డదా అన్న వాదనకంటే, ఆ బిల్లును నెలకు ముందే అడ్వాన్సుగా ఇచ్చి తర్వాత సరిచూసుకోవాలని చట్టంలో రాయించడం ఎక్కువ అవసరం.

జీతాల విషయంలో రెండు రాష్ట్రాలూ రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి యాభై వేలకు పైగా ఉన్న ఆర్టీసీ ఉద్యోగులను ప్రజా రవాణా శాఖలోకి తీసుకుంది. సంస్థ సంస్థగానే ఉంది, బస్సులు, స్థలాలు దానివే. మనుషులు మాత్రం ప్రభుత్వోద్యోగులు. దానితో సంస్థ ఖర్చులో అతిపెద్ద పద్దు ఖజానా మీదికి వెళ్లింది, అందుకు బదులుగా రాబడిలో కొంత భాగం ఖజానాకు చేరేలా ఏర్పాటు జరిగింది. తెలంగాణలో అదే విలీనం ప్రధాన డిమాండుగా 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె యాభై రోజులు దాటి సాగింది. అప్పుడు కుదరదన్న ప్రభుత్వమే 2023 ఆగస్టులో శాసనసభలో విలీన బిల్లు ఆమోదింపజేసింది. కానీ బిల్లు చట్టమైన రోజే విలీనం జరిగినట్టు కాదు, అది ప్రభుత్వం ప్రకటించే తేదీతో ముడిపడి ఉంది. ఉద్యోగి కోణంలో విలీనం భద్రత. సంస్థ కోణంలో అది నష్టాన్ని మాయం చేయదు, ఒక పుస్తకం నుంచి మరో పుస్తకంలోకి మారుస్తుంది. ఆ మార్పు వల్ల ఒక మేలుంది: సిబ్బంది ఖర్చు ఎంతో శాసనసభ పద్దులలోనే కనిపిస్తుంది. ఒక కీడూ ఉంది: డిపో మేనేజరుకు మనిషి ఖర్చు పట్టకుండా పోతుంది.

హైదరాబాదు నగరం వేరే కథ. ట్రాఫిక్‌లో బస్సు వేగం తగ్గితే రోజుకు తిరిగే కిలోమీటర్లు తగ్గుతాయి, డీజిలు మాత్రం తగ్గదు. నగర సర్వీసుల లోటును నగరపాలక సంస్థ భరించాలని ఒకప్పుడు ప్రభుత్వం అనుకుంది; జీహెచ్‌ఎంసీ రెండేళ్లలో కలిపి 336 కోట్లు ఇచ్చి, ఆ తర్వాత తన దగ్గర లేవంది. తన ఆర్థిక స్థితి అనుకూలిస్తేనే ఇవ్వాలని చట్టంలో ఉందన్నది దాని వాదన. 2019 సమ్మె కాలంలో హైకోర్టులో ఈ లెక్కలన్నీ బయటికి వచ్చాయి. కర్ణాటకలో బెంగళూరు నగరానికి 1997లోనే వేరే సంస్థను ఏర్పాటు చేశారు. మన దగ్గర నగరం లోటు, పల్లె లోటు ఒకే పుస్తకంలో ఉండడం వల్ల ఎవరి బస్సును ఎవరు పోషిస్తున్నారో తేల్చడం కష్టంగా ఉంటుంది. నగరానికి విడిగా పద్దులు రాయడం మంచిదని నా అభిప్రాయం. విడిగా సంస్థ పెట్టాలా అన్నది మళ్లీ వేరే చర్చ.

చివరగా, బస్సులు కొనే డబ్బు. టికెట్ సొమ్ము, అది ప్రయాణికుడు ఇచ్చినా ప్రభుత్వం ఇచ్చినా, నడిపే ఖర్చుకే సరిపోదు. కొత్త బస్సు పెట్టుబడితో కొనాల్సిందే. పూర్వం కేంద్రం, రాష్ట్రం కలిసి మూలధనం ఇచ్చేవి, క్రమేణా అది ఎండిపోయింది. ఆ ఖాళీలో అద్దె బస్సులు వచ్చాయి: బస్సు, డ్రైవరు యజమానివి, కండక్టరు సంస్థ మనిషి, యజమానికి కిలోమీటరు లెక్కన చెల్లింపు. విద్యుత్ బస్సులు దాదాపు ఆ పద్ధతికే పెద్ద రూపం. హైదరాబాదులో 2019లో 40 బస్సులతో, తిరుపతి కొండకు 2022లో అలాంటి ఒప్పందాలతోనే అవి మొదలయ్యాయి. కేంద్రం ఇచ్చే రాయితీ ఉన్నా, ఏళ్ల తరబడి కిలోమీటరుకు ఇంత అని సంస్థ కట్టుబడి ఉండాలి; బస్సు ఖాళీగా తిరిగినా ఒప్పుకున్న కిలోమీటర్లకు డబ్బు ఇవ్వాలి. మరోవైపు పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ సంస్థల వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ నుంచి రద్దవుతోంది. పాతవి తప్పనిసరిగా పోతున్నాయి, ఉచిత ప్రయాణంతో ఎక్కేవాళ్లు పెరిగారు, కొత్తవి ఆ వేగంతో రావడం లేదు. మీరు చూసే రద్దీకి, మీ ఊరి ట్రిప్పు పోవడానికి మూలం నాకు ఇక్కడే కనిపిస్తోంది: డిపోకు ఒక బస్సు తగ్గితే ముందుగా కోత పడేది చివరి ఊరి చివరి ట్రిప్పుకే.

దానికేం చేయాలంటే, ధర్నాకంటే ముందు ఒక కాగితం రాయండి. ఆ ట్రిప్పు రద్దయ్యే ముందు మూడు నెలల ఓఆర్, ఈపీకే, అదే డిపోలో కిలోమీటరుకు డీజిలు ఖర్చు ఎంతో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఈపీకే డీజిలు ఖర్చుకంటే ఎక్కువ ఉంటే, రద్దు వల్ల డిపోకు మిగిలిందేమీ లేదని మీ దరఖాస్తులో అంకెలతో రాయవచ్చు. రెండోది, పాస్ చూపించిన విద్యార్థికి చాలాచోట్ల కండక్టరు టికెట్ కొట్టడు కనుక ఆ పిల్లలు ట్రిప్పు రాబడిలో కనిపించరు. మీ ఊరి నుంచి, దారిలోని ఊళ్ల నుంచి ఆ ట్రిప్పులో వచ్చే పాసుదార్ల జాబితా, వాళ్ల కాలేజీ వదిలే వేళలతో సహా, సర్పంచి సంతకంతో జత చేయండి. డిపో మేనేజరుకు ఇచ్చి, ప్రతిని రీజినల్ మేనేజరుకు పంపండి. బస్సు లేదంటారు; అప్పుడు మధ్యాహ్నం ఖాళీగా తిరిగే ట్రిప్పును సాయంత్రానికి జరపమనండి, దానికి కొత్త బస్సూ అక్కర్లేదు, కొత్త డ్యూటీ కూడా అక్కర్లేదు. నేను సీట్లో ఉన్న రోజుల్లో నా ముందుకు వచ్చిన ఇలాంటి దరఖాస్తులలో, అంకెలున్నవాటిని పక్కన పెట్టడం నాకు ఎప్పుడూ కష్టమే అయింది.